మంగళవారం కదలని బండి

కొండలు సున్నపు బట్టీ పెడతాడన్న సంగతి గురజాల అవతల నాపరాయి గనుల్లో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. జరగని పని ఏదైనా మాటల్లోకి వస్తే "కొండలు బట్టీ రాజేసిన నాడు చూద్దాంలే" అనుకునేవాళ్ళు. అతని ముందే అనేవాళ్ళు. వాళ్ళతో పాటు అతనూ నవ్వేవాడు.

నిజానికి ఆ ఆలోచనలో నవ్వవలసింది ఏమీ లేదు. గనిలో పలక తీస్తుంటే చాలా రాయి పెళ్ళలుగా ఊడిపోతుంది. ఆ పెళ్ళలను గట్టున పారబోస్తారు. ఏళ్ళ తరబడి పోసిన ఆ రాతి రద్దు గుట్టలుగా పడి ఉంది. ఇటు చూస్తే, యుద్ధం వచ్చాక సిమెంటుకు పర్మిట్టు పెట్టారు. వచ్చిన సిమెంటు మిలిటరీకే చాలడం లేదు. తాపీ మేస్త్రీలు మళ్ళీ గానుగ సున్నానికి తిరిగారు. సున్నం కోసం దాచేపల్లి దాకా బండ్లు పోతున్నాయి. కొండలు ఒక వేసవంతా దాచేపల్లి దగ్గర ఒక బట్టీలో రాయి మోశాడు. కట్టె మీద రాయి, రాయి మీద కట్టె పొరలుగా ఎట్లా పేర్చేదీ, కింద వదిలిన రంధ్రంలో, అదే కన్నులో, నిప్పు ఎట్లా పెట్టేదీ, రాయి కాలిందని దేన్నిబట్టి తెలిసేదీ చూశాడు. వచ్చేటప్పుడు తమ గని పెళ్ళను ఒకదాన్ని ఆ బట్టీలోనే వేసి కాల్చాడు. అది పిండిలా విడిపోయింది. ఆ పిండిని మూటగట్టుకుని ఇంటికి తెచ్చి భార్య నాగులమ్మకు చూపించాడు.

ఆ తరువాత అడగడం మొదలుపెట్టాడు. మేనమామను అడిగాడు. గుడి పూజారిని అడిగాడు. ఎరుకలామె చేత సోది చెప్పించుకున్నాడు. అమ్మవారి మీద రెండు పూలు పెట్టించి, కుడి పువ్వు రాలితే బట్టీ పెడతానన్నాడు. కుడి పువ్వే రాలింది. గాలికి రాలిందేమోనని మళ్ళీ పెట్టించాడు. ఈసారి ఏదీ రాలలేదు. సరే, కోతలు కానిద్దామన్నాడు. కోతలయ్యాక పెళ్ళిళ్ళు కానిద్దామన్నాడు. పెళ్ళిళ్ళయ్యాక ఎండలు ముదిరాయన్నాడు.

అతన్ని చూసి నవ్వనివాడు మౌలాలీ ఒక్కడే. మౌలాలీది బండి. గని నుంచి నడికుడి స్టేషనుకు పలకలు తోలేవాడు. కొండలు కంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. స్టేషనులో దిగే మేస్త్రీలతో మాట్లాడి, నీళ్ళు పోయని రాళ్ళసున్నం ఉంటే ఎవరెవరు కొంటారో కనుక్కుని వచ్చేవాడు. బట్టీ పెడితే బాడుగ కాకుండా వాటా తీసుకుంటానని తనంతట తానే చెప్పాడు. ముందు పాక వేయమని కూడా చెప్పాడు. రాళ్ళసున్నం మీద చుక్క పడితే సరుకు పోతుంది, పాక లేని బట్టీ మూత లేని నేతికుండ లాంటిదన్నాడు.

వెయ్యాలనే కొండలు కూడా అన్నాడు. పాక తాటాకుతో వేయాలా, బోదగడ్డితో వేయాలా అన్నది అతనికి తేలలేదు.

అన్నేళ్ళుగా తేలని సంగతిని నలభై నాలుగో సంవత్సరం వేసవి తేల్చింది. రైలు వ్యాగన్లన్నీ మిలిటరీ సరుక్కే అన్నారు. పలకలు స్టేషనులో పేరుకుపోయాయి. గనిని కౌలుకు తీసుకున్న ధనుంజయరావు నరసరావుపేట ఆసామి. ఆయన పని ఆపించాడు. ఏరోడ్రోము కట్టే చోటికి కూలీలను తోలుకుపోవడానికి ఒక మేస్త్రీ వచ్చి పేర్లు రాసుకున్నాడు. అక్కడ రేకుల షెడ్లలో పడుకోవాలనీ, విషజ్వరాలున్నాయనీ, పోయినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదనీ చెప్పుకున్నారు. అయినా పేర్లు ఇచ్చారు. నాగులమ్మ కూడా సామాను సర్దింది. పాలు తాగే కూతుర్ని చంకన వేసుకుని మొగుడి ముందు నిలబడింది.

"ఏరోడ్రోముకి పోదామా, బట్టీ పెడతావా? ఏదో ఒకటి చెప్పు. మూట కట్టా. ఇప్పమంటే ఇప్పుతా."

కొండలు మూట వంక చూశాడు. పొద్దున చెబుతానన్నాడు.

నాగులమ్మ పొద్దుటి దాకా ఆగలేదు. పిల్లను ఎత్తుకుని గని దగ్గరకు పోయి ధనుంజయరావును కలిసింది. ఆ రద్దు ఎవరికీ పనికిరాదు గదా, మేం కాల్చుకుంటామంది. ఆయనకు ఆ పూట వేరే తలనొప్పులున్నాయి. దసరా దాకా ఎంత కాల్చుకుంటే అంత మీదే, ఆ తరువాత నా ఇష్టం అన్నాడు. కౌలు అడగలేదు. నాగులమ్మ ఇంటికి వచ్చి మూట విప్పింది.

అట్లా కొండలు బట్టీ పెట్టాడు. రోహిణి కార్తె సగం గడిచిపోయింది. మిట్ట వాలులో గొయ్యి తవ్వి, లోపల రాతి గోడ కట్టి, మట్టి మెత్తాడు. తుమ్మ కట్టె మౌలాలీ తోలాడు. పాక సంగతి అతను మళ్ళీ ఎత్తితే, తొలి బట్టీ వానల్లోపే అయిపోతుంది, వచ్చిన డబ్బుతో మంచి పాక వేద్దామని కొండలు అన్నాడు. అది తప్పని చెప్పలేం. తాటాకు కొనడానికి ఆ రోజు చేతిలో ఏమీ లేదు కూడా. కానీ నెల ముందు మొదలుపెట్టి ఉంటే పాకతో పనే లేదని మౌలాలీకి తెలుసు. అతను ఆ మాట అనలేదు.

బట్టీ కాలింది. కొండలు పేర్చిన తీరుకు పొగ మొదట నల్లగా, తరువాత తెల్లగా వచ్చి, చివరకు కనపడకుండా పోయింది. చల్లారాక కన్ను తెరిచి ఒక గడ్డ బయటికి తీశారు. గురజాల నుంచి వచ్చిన మేస్త్రీ దాన్ని మూకుట్లో వేసి నీళ్ళు చిలకరించాడు. గడ్డ బుసకొట్టి, ఉబ్బి, పగిలి పొడి అయింది. మూకుడు పట్టుకోలేక అతను కింద పెట్టాడు. దాచేపల్లి సున్నం దీని ముందు బూడిదేనన్నాడు. స్టేషను దగ్గర పని చేయించే కంట్రాక్టరుకు అంతా కావాలనీ, ఎప్పుడు దించితే అప్పుడు తీసుకుంటాడనీ చెప్పి పోయాడు.

ఇంకా పోకుండా మిగిలిన కూలీలు వచ్చి చూశారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. కొండలు, నాగులమ్మ, మౌలాలీ సోమవారమంతా సరుకు తీసి, గట్టు మీద గోనెపట్టాల కింద పోశారు. ఖాళీ అయిన బట్టీలో వెంటనే రెండో పేర్పు కూడా పేర్చారు. కన్నులో నిప్పు పెట్టడమే మిగిలింది.

మంగళవారం తెల్లవారేసరికి మౌలాలీ బండి కట్టుకుని వచ్చాడు. ఆకాశం శుభ్రంగా ఉంది. గాలి మాత్రం పడమటి నుంచి తిరిగింది.

కొండలు సరుకు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇయ్యాల మంగళారం గదా అన్నాడు.

మంగళవారం, శుక్రవారం ఇంటి సొమ్ము గడప దాటించరు. చేబదులు ఇవ్వరు, విత్తనాలు ఇవ్వరు, అడిగితే చారెడు ఉప్పయినా రేపు రమ్మంటారు. కొండలు తల్లి చనిపోయే దాకా ఆ నియమం తప్పలేదు. ఇది తొలి సరుకు. ఇన్నేళ్ళు ఆగి తీసిన సరుకు. తొలి సరుకును మంగళవారం బయటికి తోలితే లక్ష్మిని తోలినట్టేనని కొండలు నమ్మాడు. నమ్మకం ఒక్కటే కాదు. సరుకు పోయి కంట్రాక్టరు బాగా లేదంటే ఏమిటని కూడా భయపడ్డాడు. ఆ భయానికి మంగళవారం అండగా దొరికింది. ఇది తరువాత అతనికే తెలిసింది.

గాలి తిరిగింది, ఇప్పుడే తోలతానన్నాడు మౌలాలీ. నాగులమ్మ పంపించమంది. బండి కంట్రాక్టరుది అనుకో, సరుకు నిన్ననే అమ్మేశామనుకో అని వాదించింది. కొండలు అవునన్నాడు, కాదన్నాడు. పూజారిని అడిగి వస్తానని నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చాడు. పొద్దెక్కింది.

"పోనీ, వద్దంటావా అన్నా? వద్దంటే రెంటచింతలలో మిరపకాయల బాడుగుంది. పోతా" అన్నాడు మౌలాలీ.

"వద్దని ఎందుకంటా? రేపు తోలదాం. తెల్లారగట్టే తోలదాం."

మౌలాలీ ఎడ్లను విప్పాడు.

బుధవారం తెల్లవారుజామున సరుకంతా బండికి ఎత్తారు. అడుగున గడ్డి పరిచి, సున్నపు గడ్డలు పోసి, పైన గోనెపట్టాలు, ఈతచాపలు కప్పారు. కొండలు బండి వెనక నడిచాడు. తొలి సరుకు దించేటప్పుడు తాను ఉండాలనుకున్నాడు. సగం దారిలో ముసురు పట్టింది. తరువాత పెద్ద చినుకులు పడ్డాయి. దారికి అటూ ఇటూ చేలు తప్ప గొడ్లపాక కూడా లేదు. మౌలాలీ ఎడ్లను అదిలించాడు. కొండలు పై పంచె విప్పి చాపల మీద కప్పాడు. పంచె ఏపాటి? వాన కాసేపు కురిసి ఆగింది. ఎండ కూడా వచ్చింది. గండం గడిచిందని మౌలాలీ అన్నాడు.

వాన ఆగిన తరువాతే బండి పొగలు కక్కింది. చాపల కింద నుంచి నీళ్ళు కాగుతున్న చప్పుడు వచ్చింది. సున్నం ఉబ్బి బండి పక్కలు కిరకిరలాడాయి. అడుగున గడ్డి రాజుకుంది. ఎడ్లు బెదిరి చేలోకి దిగాయి, ఒక చక్రం కాలవలో పడింది. మౌలాలీ కాడి దగ్గర కూర్చుని పగ్గాలు కోశాడు. ఒక ఎద్దు తప్పించుకుంది. రెండో దాని పగ్గం కోస్తుండగా బండి పక్క విరిగింది. ఉడుకుతున్న సున్నం దాని వీపు మీదా, మౌలాలీ ముఖం మీదా పడింది.

మౌలాలీ పాక్కుంటూ దారి మీదికి వచ్చాడు. కళ్ళు మూసుకుని నీళ్ళు, నీళ్ళు అన్నాడు. బండి కింద కట్టిన నీళ్ళ కుండను కొండలు అంతకు ముందే తెంచి తీశాడు. అది అతని చేతుల్లోనే ఉంది. నిండుగా ఉంది.

అతను పోయలేదు. సున్నానికి చుక్క నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఇప్పుడే చూశాడు. ఎద్దు ఇంకా అరుస్తోంది. మూకుట్లో పగిలిన గడ్డ గుర్తుకొచ్చింది. పోస్తే కళ్ళలో ఉడుకుతుంది. పోయకపోతే ఏమవుతుందో తెలియదు. కుండ పట్టుకుని నిలబడ్డాడు. మౌలాలీ నీళ్ళని అడుగుతూనే ఉన్నాడు. కొండలు కుండ వంచాడు, మళ్ళీ నిలబెట్టాడు. చేలో పనిచేసేవాళ్ళు పరుగున వచ్చి, నీళ్ళు తగలనివ్వొద్దని వాళ్ళు కూడా అన్నారు. ఒకామె ఇంటికి పోయి ఆముదం తెచ్చి కళ్ళలో పోసింది. అప్పుడు కొండలు కుండను దారి పక్కన పెట్టాడు.

రైల్లో నరసరావుపేట తీసుకుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు రెప్పలు విప్పి చూసి, వెంటనే నీళ్ళతో కడిగారా అని అడిగాడు. లేదని కొండలు చెప్పాడు. ఎందుకు కడగలేదని అడిగితే కారణం చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. ఆ క్షణాన ఎన్ని కుండలుంటే అన్ని కుండలు పోయాలి, పోస్తే ఒక కన్నయినా దక్కేదేమో అన్నాడు. రెండు కళ్ళూ పోయాయి.

మౌలాలీని ఇంటికి తెచ్చాక కొండలు ఆ ఇంటికి పోలేదు. రోజూ బయలుదేరేవాడు. సందు చివర దాకా పోయేవాడు. అక్కడ నిలబడి ఏం చెప్పాలా అని ఆలోచించేవాడు. చెప్పేది తేలక తిరిగి వచ్చేవాడు. బట్టీ వైపూ పోలేదు. పేర్చిన రాయి పేర్చినట్టే ఉంది. వాన తడికి పైపొర కట్టె నల్లబడింది. బట్టీ బలి తీసుకుందని ఊళ్ళో అనుకున్నారు. బలి తీసుకుంది గనక ఇక మంచే జరుగుతుందని ఒకామె అంది. ఆ మాటకు నాగులమ్మ ఆమెను చేటతో కొట్టబోయింది.

మృగశిర పోయి ఆరుద్ర వచ్చింది. ధనుంజయరావు గనికి వచ్చి కొండలును పిలిపించాడు. నరసరావుపేటలో ఒక మిల్లు ఆసామికి ఈ సున్నం సంగతి తెలిసింది, బట్టీని ఉన్నదున్నట్టు తీసుకుంటానంటున్నాడు, నీకు రోజుకూలీ ఇప్పిస్తాను, ఇంత జరిగాక నీకెందుకీ మోత అన్నాడు. ఆయన మాటలో మోసం లేదు, దయ కూడా ఉంది. సాయంత్రం రైలుకు నేను పోతాను, ఆ లోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు. చెప్పకపోతే నీకు వద్దన్నట్టే లెక్క, అతన్ని రమ్మంటానన్నాడు.

కొండలు తలూపి వచ్చాడు. నాగులమ్మతో చెప్పాడు. ఆమె పిల్లకు గంజి పోస్తోంది. తల ఎత్తలేదు. ఈసారి నేను పోయి మాట్లాడి రాను అంది.

అతను చేల గట్టున చాలాసేపు తిరిగాడు. కూలీ అయితే పొద్దు గడుస్తుంది. కూలీవాడు రేపనడానికి లేదు, వద్దనడానికీ లేదు. చెప్పింది చేస్తాడు. తన తప్పు వల్ల ఎవరికీ ఏమీ కాదు. అందులో సుఖం ఉంది. కానీ ఆ బట్టీలో మౌలాలీ తోలిన కట్టె ఉంది. దాన్ని మిల్లు ఆసామి కాలిస్తే మౌలాలీకి పైసా రాదు. సున్నం పడిన ఎద్దు బతకలేదు. మిగిలిన ఒంటి ఎద్దుతో, బండి లేకుండా, ఆ ఇల్లు ఎట్లా గడుస్తుందో అతనికి తెలియదు. ఎటు పోవాలో తోచక, కాళ్ళు అలవాటు పడిన దారిన సందు చివరికి వచ్చాడు. ఈసారి లోపలికి నడిచాడు.

మౌలాలీ భార్య హజ్రా బీ వసారాలో జొన్నలు చెరుగుతోంది. మౌలాలీ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళకు గుడ్డ కట్టి ఉంది. ఆమె కొండలును చూసింది. చెరగడం ఆపలేదు.

"ఎవరు?" అన్నాడు మౌలాలీ.

ఆమె చెప్పలేదు. కొండలే చెప్పవలసి వచ్చింది.

"నేను తమ్ముడూ. కొండల్ని."

"సందు చివర్నించి ఇంట్లోకి రావటానికి ఇన్నాళ్ళు పట్టిందా అన్నా? హజ్రా చెప్తానే ఉంది, వచ్చి వచ్చి మళ్ళి పోతన్నావని."

కొండలు నేల మీద కూర్చున్నాడు. ఎద్దు ఎట్లా ఉందని అడిగాడు. మేత మేస్తోందని మౌలాలీ చెప్పాడు. నొప్పి తగ్గిందా అని అడిగాడు. రాత్రి పూట తగ్గదన్నాడు.

"నీకు కోపంగా ఉంటదని రాలా" అన్నాడు కొండలు.

"కోపం గాక ఇంకేం ఉంటది? ఆ మంగళారం వద్దని ఉంటే మిరక్కాయల బాడుక్కి పోయేవాడిని. సరేనంటే ఎండలో పోయి ఎండలో దించి వచ్చేవాడిని. నువ్వు రెండూ అన్లా. రేపన్నావు. నీ రేపు కోసం నేను ఎడ్లు విప్పుకుని కూసున్నా. నాది గూడా తప్పే."

"నీది కాదు."

"నీళ్ళడిగా" అన్నాడు మౌలాలీ.

"ఉడుకుద్దనుకున్నా."

"ఉడికితే ఉడికేది నా కళ్ళు గదా. అడిగింది నేను గదా. నువ్వెవరివి కుండ పట్టుకుని ఆలోచించటానికి?"

హజ్రా బీ చేట కింద పెట్టింది. ధనుంజయరావు పిలిపించిన సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఏం చెప్పి వచ్చావని అడిగింది. ఇంకా ఏమీ చెప్పలేదన్నాడు. సాయంత్రం దాకా గడువిచ్చారన్నాడు.

"అట్లాగా? అందుకా ఇయ్యాల గడప తొక్కావు? మమ్మల్నడిగి చెబుదామనా?" అంది. "కళ్ళు పోయినోడి దగ్గరికొచ్చి దారి అడుగుతన్నావా కొండలన్నా?"

అది నిజమే. అడగడానికే వచ్చాడు. మౌలాలీ కానివ్వమంటే బట్టీ కాల్చేవాడు, వద్దంటే కూలీకి ఒప్పుకునేవాడు. అమ్మవారి పూల దగ్గరికి పోయినట్టే ఇక్కడికి వచ్చాడు. ఆ మనిషి ముఖాన కట్టిన గుడ్డను చూస్తూ కూడా, నువ్వే చెప్పు తమ్ముడూ అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఆ మాటను మింగాడు.

"అడగను" అన్నాడు. "బట్టీ రాజేస్తన్నా. అందులో సగం మీది. ఈ పేర్పులోనే కాదు, దసరా దాకా ఎన్ని కాలిస్తే అన్నిట్లో."

"సగం ఇస్తే కళ్ళొస్తయ్యా?" అన్నాడు మౌలాలీ.

"రావు."

"తెలిసే ఇస్తన్నావు గదా?"

"తెలిసే."

మౌలాలీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సరేనని అనలేదు, వద్దని అనలేదు. కొండలు లేచాడు. హజ్రా బీ వాకిలి దాకా వచ్చింది. సగం అన్నమాట నలుగురి ముందు అంటావా అని అడిగింది. అంటానన్నాడు. మా ఎద్దు కావాలంటే బాడుగ వేరే ఇవ్వాలంది. ఇస్తానన్నాడు. తాను కూడా రాయి మోయడానికి వస్తాననీ, సగం ఇస్తున్నావు గదా అని కూలీ ఎగ్గొట్టవద్దనీ చెప్పింది. దానికీ సరేనన్నాడు. ఆమె ఏ మాటకూ మెత్తబడలేదు.

గని దగ్గర ధనుంజయరావు రైలుకు బయలుదేరుతున్నాడు. కొండలు ఆయన ఒంటెద్దు బండికి అడ్డంగా నిలబడి చెప్పాడు.

"దసరా దాకా రద్దు మాదన్నారు బాబూ. దసరా దాకా కాలుస్తాం. నేను సగం, మౌలాలీ సగం."

"ఇంకొకడికి ఏమన్నా అయితే?"

"అయితే నాకే అవ్వాలి. బాడుగ బండి తెచ్చి నేనే తోలతా."

ధనుంజయరావు తోలమని బండివాడికి చెప్పాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. శుభమని కూడా అనలేదు.

కొండలు అక్కడి నుంచి ఇంటికి పోకుండా బట్టీకి పోయాడు. పైన తడిసిన కట్టె తీసి పారేసి, ఉన్న పొడి కట్టె పేర్చాడు. కన్నులో చితుకులు పెట్టి అంటించాడు. తడికి నిప్పు రెండుసార్లు ఆరిపోయింది. శకునం బాగాలేదేమో అన్న ఊహ రాకపోలేదు. మూడోసారి అంటుకుంది. పొగ చూసి నాగులమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఏమని చెప్పి వచ్చావని అడగలేదు. కట్టె అందించింది.

బట్టీ అంటించాక ఆపడానికి ఉండదు. సగం కాలిన రాయి రాయీ కాదు, సున్నమూ కాదు. ఇద్దరూ వంతులు వేసుకుని కాచారు. మర్నాడు హజ్రా బీ వచ్చింది. నాగులమ్మతో మాట్లాడింది గాని కొండలుతో మాట్లాడలేదు. మధ్యలో రెండు జల్లులు పడ్డాయి. బట్టీ వేడికి ఆ జల్లులు పైపైనే ఆవిరైపోయాయి. అసలు గండం బట్టీలో లేదని, సరుకు బయటికి తీసిన తరువాతేనని ముగ్గురికీ తెలుసు. తాటాకు కోసం కొండలు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. వానలు మొదలయ్యాక తాటాకు ఎవరమ్ముతారు? ఉన్నవాళ్ళు తమ ఇళ్ళు కప్పుకున్నారు. బోద తడిసి ఉంది.

బట్టీ చల్లారి కన్ను తెరవవలసిన రోజు మధ్యాహ్నానికి పడమట మబ్బు కట్టింది. వాన పడేలోపు సరుకు తీయకపోతే గోడల సందుల్లోంచి నీరు దిగి లోపలే ఉడికి బట్టీ బద్దలవుతుంది. తీస్తే పెట్టడానికి చోటు లేదు.

కొండలు ఇంటికి వచ్చాడు. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. తాళ్ళు కోసి, ఒక మూల నుంచి తాటాకు పొరలు పొరలుగా ఎత్తి కిందికి వేయడం మొదలుపెట్టాడు. మసిబారిన ఆకు, కింది పొరల్లో ఎండుగా ఉంది. నాగులమ్మ లోపలి నుంచి వచ్చి పైకి చూసింది. ఆమె వెనక ఇంట్లో నేల మీద వెలుతురు పడింది.

"ఏం చేస్తన్నావు?"

"పాక."

"మనం?"

"తడిస్తే మనం కాలిపోం" అన్నాడు.

పిల్ల ఉంది గదా అంది. కొండలు చేయి ఆగింది. పిల్లకు అప్పుడే దగ్గు మొదలైంది, అది ఇద్దరికీ తెలుసు. మబ్బు వైపు చూశాడు. మళ్ళీ ఆకు లాగాడు. నాగులమ్మ లోపలికి పోయి, గింజల కుండలకు మూతలు పెట్టి, పిల్లను గోనెపట్టాలో చుట్టి గోడ వార కూర్చోబెట్టింది. తరువాత వచ్చి కింద పడ్డ ఆకు మోపులు కట్టింది.

ఇంటి వాసాలతోనే గుంజలు పాతారు. బట్టీ పక్కన గట్టు మీద పాక లేచింది. అది వంకరగా ఉంది. చూరు ఒకవైపు మరీ కిందికి దిగింది. ముగ్గురూ గంపలతో సరుకు మోశారు. సున్నం పొడికి చేతులు పగిలాయి. హజ్రా బీ ముక్కుకు, కళ్ళకు అడ్డంగా కొంగు బిగించి కట్టుకుంది. చివరి గంపలు మోస్తుండగా వాన అందుకుంది. గంప మీద గోనె కప్పి పరిగెత్తారు.

వాన ఆ పూట వదల్లేదు. కప్పు లేని ఇంట్లో పొయ్యి నిండా నీళ్ళు నిలిచాయి. నాగులమ్మ గోడ వార కూర్చుని పట్టా తల మీదికి లాక్కుని పిల్లకు పాలిచ్చింది. పిల్ల తాగి, దగ్గి, మళ్ళీ తాగింది. హజ్రా బీ తన వాటా సరుకు ఎటు వైపుదో అడిగి చూసుకుని, వానలోనే ఇంటికి పోయింది. బట్టీ దగ్గర, చూరు కిందికి దిగిన వైపు నుంచి సన్నటి ధార ఒకటి పాక లోపలికి తిరుగుతోంది. కొండలు పార తీసుకుని దానికి అడ్డంగా కాలవ తవ్వడం మొదలుపెట్టాడు.